యూఎస్‌బీ డ్రైవర్‌లో చెయ్యి పెట్టే ముందు

అనంతపురంలో ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. లినక్స్ కెర్నల్ (సిస్టమ్‌కు మూలమైన, డ్రైవర్లు నడిచే ప్రోగ్రామ్) బిల్డ్ మొదలుపెట్టే ముందు ల్యాప్‌టాప్ ఛార్జింగ్ చూసుకోండి.

పాత కెర్నల్‌ను తీసేయకండి. గ్రబ్ మెనూలో (ఏ కెర్నల్‌తో బూట్ కావాలో ఎంచుకునే చోట) అది ఉంటే కొత్తది బూట్ కాకపోయినా టెన్షన్ ఉండదు. మీకున్నది యూఎస్‌బీ కీబోర్డు ఒక్కటే అయితే, యూఎస్‌బీ చెడితే అదీ పనిచేయకపోవచ్చు కాబట్టి, ఇంకో మెషీన్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ ద్వారా లాగిన్) తెరిచి ఉంచండి.

కోడ్ ముట్టుకోకముందే పరికరం ఎలా నడుస్తోందో యూఎస్‌బీమాన్‌తో (యూఎస్‌బీలో వచ్చిపోయే డేటాను చూపే కెర్నల్ సాధనం) రికార్డు చేసి దాచుకోండి. తర్వాత పోల్చి చూడటానికి అదే ఆధారం.

అన్నిటికంటే ముఖ్యం డిస్కనెక్ట్ ఫంక్షన్, అంటే పరికరం ఊడినప్పుడు డ్రైవర్‌లో నడిచేది. ఒకసారి సీరియల్ కేబుల్ డ్రైవర్ సవరించి, డేటా పోతుండగానే కేబుల్ లాగి చూశాను. స్క్రీన్ అలాగే బిగుసుకుపోయింది, మౌస్ కూడా కదల్లేదు. మెమరీ వదిలేశాను గానీ, ఇంకా నడుస్తున్న యూఆర్‌బీలను (యూఎస్‌బీ డేటా బదిలీ అభ్యర్థనలను) ఆపలేదు. ముందు వాటిని ఆపే యూఎస్‌బీ కిల్ యూఆర్‌బీ, ఆ తర్వాతే మెమరీ వదిలే కేఫ్రీ. ఈ వరుస తప్పొద్దు. పరీక్షించే కెర్నల్‌లో కేసాన్ (మెమరీ తప్పులు పట్టే సాధనం) ఆన్ చేసుకుంటే ఇలాంటి తప్పు ఎక్కడుందో డీమెసేజ్‌లో (కెర్నల్ సందేశాల లాగ్‌లో) కనిపిస్తుంది.

- డీఎంఏకి (హార్డ్‌వేర్ నేరుగా మెమరీని వాడే పద్ధతి) ఇచ్చే బఫర్ స్టాక్ (ఫంక్షన్ల తాత్కాలిక మెమరీ) మీద వద్దు, కెర్నల్‌లో మెమరీ ఇచ్చే కేమాలక్‌తో తీసుకోండి.
- కంప్లీషన్ హ్యాండ్లర్‌లో (యూఆర్‌బీ పూర్తయ్యాక నడిచే ఫంక్షన్) నిద్రపోయే, అంటే ఆగి వేచి చూసే, ఫంక్షన్లు పిలవకండి. అక్కడ మెమరీ కావాలంటే నిద్రపోకుండా అడిగే జీఎఫ్‌పీ అటామిక్ ఫ్లాగ్ వాడండి.
- పరికరం తన గురించి చెప్పుకునే వివరాలను (డిస్క్రిప్టర్లను) గుడ్డిగా నమ్మకండి. కావలసిన ఎండ్‌పాయింట్లు (డేటా వచ్చిపోయే దారులు) ఉన్నాయో లేదో, పరికరం తగిలినప్పుడు నడిచే ప్రోబ్ ఫంక్షన్‌లోనే చూడండి.

పరికరం మాటిమాటికీ ఊడిపోతుంటే కోడ్‌ను అనుమానించే ముందు కేబుల్, హబ్ మార్చండి. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు నుంచి పరికరం అడగగలిగేది 500 మిల్లీఆంపియర్లే.

ఒక ప్యాచ్‌లో (పంపే కోడ్ సవరణలో) ఒకే మార్పు. పంపే ముందు కోడ్ శైలిని తనిఖీ చేసే చెక్‌ప్యాచ్ నడపండి.