మాల వేయించే ముందు: తాగుడు మానబోయే మనిషి ఇంట్లో తీసుకోవలసిన జాగ్రత్తలు

కార్తీకం దగ్గరపడిందంటే విజయవాడ, గుంటూరు వైపు చాలా ఇళ్లలో ఒకే మాట వినబడుతుంది: “ఈసారి మాల వేయించేద్దాం, దెబ్బకు మానేస్తాడు.” భవానీ మాల వేసుకున్నా, అయ్యప్ప మాల వేసుకున్నా మండలం రోజులు మద్యం ముట్టకూడదు కాబట్టి ఇంట్లోవాళ్లు ఆ నియమం మీద ఆశ పెట్టుకోవడం సహజమే. అలా మొదలుపెట్టి పూర్తిగా మానినవారిని నేను చూశాను గనుక దీక్షను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఏళ్ల తరబడి రోజూ తాగుతూ, పొద్దున లేవగానే చేతుల వణుకు ఆగడానికి కూడా కాస్త వేసుకోవలసి వస్తున్న మనిషి, ముందురోజు రాత్రి దాకా తాగి మర్నాడు తెల్లవారుజామున మాలతో ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు.

మద్యం మెదడు పనిని మందగింపజేస్తుంది. రోజూ తాగేవారి మెదడు దానికి ఎదురుగా తన ఉద్రేకాన్ని పెంచుకుని అలవాటు పడుతుంది. మద్యం హఠాత్తుగా ఆగితే ఆ ఉద్రేకాన్ని అణిచేది ఉండదు. చివరిసారి తాగిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, వాంతులు, నిద్రలేమి మొదలవుతాయి. మొదటి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. కొందరికి రెండో రోజు దాటాక, నాలుగో రోజులోపు మతి తప్పుతుంది. చికిత్స అందకపోతే చనిపోయే ప్రమాదం ఉన్న దశ అది.

మా అన్నయ్య గుంటూరు మిర్చి యార్డులో కాటా దగ్గర పనిచేసేవాడు. మాల వేసుకున్న మూడోరోజు అర్ధరాత్రి చాప మీద లేచి కూర్చుని, గోడకేసి చూస్తూ టిక్కీలు (మిర్చి బస్తాలు) లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. “నలభై రెండు, నలభై మూడు, ఆ తాడు బిగించరా” అంటూ, మధ్యమధ్య దుప్పటి మీద లేని చీమలను ఏరి పక్కకు వేస్తున్నాడు. అమ్మవారు పూనిందనుకుని మేము కొబ్బరికాయ కొట్టి హారతి పట్టాం. తెల్లవారేసరికి ఒళ్లు కాలిపోతోంది, అమ్మను గుర్తుపట్టలేదు. అప్పుడు గానీ పెద్దాసుపత్రికి తీసుకువెళ్లలేదు. దీక్షలో ఉన్న మనిషి ఇలా మాట్లాడుతుంటే పూనకమా కాదా అన్న చర్చ పెట్టుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.

కాబట్టి మాల తేదీకి కనీసం పదిరోజుల ముందే మానసిక వైద్యుణ్ణి కలవాలి. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు రెండింటిలోనూ మానసిక వైద్య విభాగం ఉంది. ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోలేనివారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. రోజుకు క్వార్టరా, హాఫా, అంతకంటే ఎక్కువా, పొద్దున కూడా తాగుతాడా, ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా, కామెర్లు వచ్చాయా, షుగరు మాత్రలు వాడుతున్నాడా అన్నవి దాచకుండా చెప్పాలి. పరువుకోసం సగానికి తగ్గించి చెబితే డాక్టరు రాసే మాత్రల మోతాదు కూడా తప్పుతుంది. ఫిట్స్ గానీ మతి తప్పడం గానీ ఇదివరకు జరిగి ఉంటే ఇంట్లో మాన్పించే ప్రయత్నం చేయకుండా ఆసుపత్రిలో చేర్చడమే మంచిది. డాక్టరును చూసేలోపు మీరే సీసా లాక్కుని ఆపించకండి. వైద్యుడు ఇచ్చే నిద్రమాత్రల వంటి మందులను, బి1 విటమిన్‌ను రాసినన్ని రోజులు మీ చేతితో ఇవ్వండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చినవి వద్దు.

సాంబారులో తెలియకుండా కలిపే పొడుల జోలికి అసలు పోకండి. ఇది నేను గట్టిగానే చెబుతున్నాను, ఎందుకంటే ప్రతి వీధిలోనూ వీటిని సిఫారసు చేసే బంధువు ఒకరుంటారు. వాటిలో తాగుడు మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ అనే ఔషధం ఉంటే, సంగతి తెలియని మనిషి బయట తాగినప్పుడు ముఖం ఎర్రబారి, వాంతులై, రక్తపోటు పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు. ఆ పొడి వేయడం ఆపినా రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉండవచ్చు.

మానిన మొదటి వారం మనిషిని ఒంటరిగా వదలకూడదు, బండి నడపనివ్వకూడదు. ఇంట్లో శానిటైజరు, స్పిరిట్ వంటివి ఉంచవద్దు. 2020 జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దుకాణాలు మూతపడినప్పుడు శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోయారు. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం మాని, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108ని పిలవాలి. మతి తప్పి తిరగబడితే వాదించకండి. గదిలో దీపం వెలగనిచ్చి, తెలిసిన గొంతుతో మెల్లగా మాట్లాడండి. చెయ్యి చేసుకుంటే మాత్రం పిల్లలను తీసుకుని పక్కింటికి వెళ్లి 112కు ఫోన్ చేయడంలో ఇల్లాలు మొహమాటపడనక్కర్లేదు.

గురుస్వామితోనో గురుభవానీతోనో ఈ విషయం ముందే చెప్పాలి. ఒంటిపూట భోజనం, తెల్లవారుజామున చన్నీటి స్నానం మానుడు మొదలైన రోజుల్లో శరీరాన్ని ఇంకా కుంగదీస్తాయి, షుగరు ఉన్నవారికైతే మరీ ప్రమాదం. అందుకే మందుల కోర్సు పూర్తయ్యాక, అవసరమైతే వారం ఆలస్యంగానైనా, మాల వేయించమని అడగండి. నాకు తెలిసిన గురుస్వాములెవరూ కాదనలేదు.

మాల తీసే రోజునూ ఇప్పుడే లెక్కలో పెట్టుకోవాలి. మండలం పాటు తాగని శరీరానికి పాత తట్టుకునే శక్తి ఉండదు గనుక, మునుపటిలా ఫుల్ బాటిల్ ఎత్తితే అది విషమే అవుతుంది. భవానీలు మార్గశిరంలో ఇంద్రకీలాద్రి మీద దీక్ష విరమించాక చాలా ఏళ్లలో డిసెంబరు 31, ఆ వెంటనే సంక్రాంతి వస్తాయి. ఆ వారానికే డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకుని, కొండ దిగేటప్పుడు స్నేహితుల బండి ఎక్కనివ్వకుండా ఇంటి నుంచి ఒకరు వెంట వెళ్లేలా ముందుగానే మాట్లాడుకోండి.