టీఎల్‌డీ వేసుకుంటున్నా వైరల్ లోడ్ తగ్గట్లేదా? ముందు గ్యాస్ మందు సంగతి అడగండి

సమస్య: హెచ్‌ఐవీకి రోజూ వేసుకునే టీఎల్‌డీ (టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిపిన మాత్ర) ఒక్కరోజు కూడా మానలేదంటారు పేషెంట్లు, డబ్బాలో లెక్కా సరిపోతుంది. అయినా ఆరు నెలలు దాటాక వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే లెక్క) మిల్లీలీటరుకు 1,000 కాపీల పైనే. వెంటనే వచ్చే మాట: "వైరస్ మొండికేసింది, మందు మార్చాలి."

ఆగండి. పాత హెచ్‌ఐవీ మందులు ఎఫావిరెంజ్, నెవిరపిన్ వాడే రోజుల్లో ఆ అనుమానం సబబే. కె103ఎన్ అనే ఒక్క మార్పుతో వైరస్ ఆ రెండింటినీ తప్పించుకునేది. టీఎల్‌డీలోని డోలుటెగ్రావిర్ అంత తేలిగ్గా లొంగదు. మింగిన మందు రక్తంలోకి చేరుతోందా అన్నది ముందు తేల్చుకోవాలి.

"వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగితే లేదంటారు. గ్యాస్ సిరప్‌ను, ఐరన్ గోళీని, కాల్షియం బిళ్లను ఎవరూ మందుల్లో లెక్కేయరు. అందుకే అలా అడగొద్దు. ఇంట్లో ఉన్న మాత్రలూ సీసాలూ అన్నీ సంచిలో వేసుకుని రమ్మనండి. ఈ ఒక్క పని చేయకుండా రెసిస్టెన్స్ టెస్టు (మందుకు లొంగని మార్పులు వైరస్‌లో వచ్చాయేమో చూసేది) రాయడం అన్యాయం.

కారణం: డోలుటెగ్రావిర్ అడ్డుకునేది వైరస్‌లోని ఇంటిగ్రేజ్ అనే ఎంజైమ్‌ను. అది పనిచేసే చోట రెండు మెగ్నీషియం అయాన్లుంటాయి. డోలుటెగ్రావిర్ మూడు ఆక్సిజన్ పరమాణువులతో వాటిని పట్టేస్తుంది. ల్యాబ్ పరీక్షల్లో ఆ పట్టు సగం సడలడానికి 71 గంటలు పట్టింది, పాత రాల్టెగ్రావిర్‌కైతే 9 గంటలే. రెసిస్టెన్స్ అంత సులువుగా రాకపోవడానికి ఇదొక కారణం. కానీ ఆ పట్టుకునే గుణమే పేగులో ఎదురు తిరుగుతుంది. అక్కడ మెగ్నీషియం, అల్యూమినియం, ఐరన్, కాల్షియం కనిపిస్తే వాటినే పట్టుకుని, రక్తంలోకి పోకుండా ఉండిపోతుంది. మెగ్నీషియం, అల్యూమినియం ఉన్న గ్యాస్ మందుతో కలిపి వేసుకుంటే రక్తంలోకి చేరే మందు 74 శాతం పడిపోతుంది. పరగడుపున ఐరన్‌తో 54, కాల్షియంతో 39 శాతం తగ్గుతుంది.

పరిష్కారం: డైజీన్, జెలుసిల్ లాంటివాటికి 2 గంటల ముందు గానీ, 6 గంటల తర్వాత గానీ టీఎల్‌డీ వేసుకోవాలి. చాలామంది రాత్రి అన్నం తిన్నాక రెండూ ఒకేసారి వేసుకుంటారు, తేడా అక్కడే వస్తుంది. టీఎల్‌డీని ఉదయం 7 గంటలకు మార్చి, సిరప్ 9 తర్వాతే తాగమనండి. రాత్రి 10కి తాగినా మర్నాటి మాత్రకు 9 గంటల ఎడం ఉంటుంది. ఒమెప్రజోల్‌తో ఈ గొడవ లేదు, డాక్టరును అడిగి దానికి మారొచ్చు. ఐరన్, కాల్షియం అయితే కడుపునిండా తిన్నాక టీఎల్‌డీతో కలిపి వేసుకున్నా ఫర్వాలేదు. పరగడుపునైతే మళ్లీ 2, 6 గంటల లెక్కే. గర్భిణులకు ఈ రెండు గోళీలూ ఎలాగూ ఇస్తారు కాబట్టి వాళ్లకు ఇది తప్పక చెప్పాలి.

టీబీకి రిఫాంపిసిన్ నడుస్తుంటే, టీఎల్‌డీ వేసుకున్న 12 గంటలకు డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు విడిగా వేసుకోవాలి. టీబీ మందు ఆపాక మరో రెండు వారాలు కొనసాగించాలి. ఫిట్స్ మాత్రల్లో ఫెనిటాయిన్, కార్బమజెపిన్ కూడా రిఫాంపిసిన్‌లాగే రక్తంలో డోలుటెగ్రావిర్‌ను తగ్గించేస్తాయి. అవి కనిపిస్తే డాక్టరుకు చూపించండి.

ఇవన్నీ సరిచేసి మూడు నెలలకు వైరల్ లోడ్ మళ్లీ చూడాలి. అప్పటికీ 1,000 పైనే ఉంటేనే రెసిస్టెన్స్ టెస్టు. శాంపిల్ మందు వాడుతుండగానే తీయాలి. ఆపేసి చాన్నాళ్లయితే మార్పు లేని వైరస్ పెరిగి, మార్పులున్నది టెస్టుకు దొరక్కుండా పోతుంది. టెస్టు కాగితంలో ఇంటిగ్రేజ్ అని విడిగా రాయించండి, మామూలు టెస్టు తరచూ వైరస్‌లోని వేరే ఎంజైమ్‌లైన ప్రోటియేజ్, రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్‌లను మాత్రమే చదువుతుంది.