ఆస్తి వివరాలను చట్టబద్ధంగా గోప్యంగా ఉంచుకోవడం ఎంతవరకు సాధ్యం?

భోగాపురం దగ్గర నాలుగు సెంట్ల స్థలమున్నవారైనా, ఉద్దానం నుంచి విదేశాలకు వెళ్లి కూడబెట్టుకున్నవారైనా, తమకున్నది నలుగురి నోళ్లలో పడకూడదనుకోవడం తప్పు కాదు. అయితే ఎవరి నుంచి దాచాలనుకుంటున్నారో ముందు తేల్చుకోవాలి. దళారుల నుంచి, చేబదులు అడిగే బంధువుల నుంచి దాచుకోవచ్చు కానీ పన్ను శాఖ నుంచి, అప్పిచ్చినవారి నుంచి దాచకూడదు. భరణం కేసుల్లో భార్యాభర్తలిద్దరూ ఆస్తి, అప్పుల వివరాలను ప్రమాణపత్రంలో తెలపాలని సుప్రీంకోర్టు 2020లో ఆదేశించింది.

భూమి విషయంలో గోప్యత ఆచరణలో సాధ్యం కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, స్థిరాస్తి దస్తావేజులు నమోదయ్యే 1వ పుస్తకాన్ని రుసుము కట్టిన ఎవరైనా చూడవచ్చు. ట్రస్టు పెట్టి భూమిని అందులోకి మార్చినా ఆ దస్తావేజు కూడా రిజిస్టరు కావలసిందే కనుక ఖర్చే తప్ప ఫలితం ఉండదు.

ఇక్కడే చాలామంది తమ డబ్బుతో బావమరిది పేరిట భూమి కొంటారు. దయచేసి ఆ పని చేయకండి. లెక్క చూపగల ఆదాయంతో భార్య పేరిట గాని, పిల్లల పేరిట గాని కొంటే అది బినామీ కాదు. బావమరిది ఒక్కడి పేరిట కొంటే అది బినామీ కావచ్చు. బినామీ చట్టానికి 2016లో చేసిన సవరణ తరువాత ఆస్తి జప్తు కావడమే కాక, ఏడాది నుంచి ఏడేళ్ల వరకు కఠిన కారాగారం, మార్కెట్ విలువలో 25 శాతం వరకు జరిమానా పడవచ్చు. రేపు అతడు ఆ భూమి తనదేనంటే, బినామీ ఆస్తి నాదని దావా వేసే హక్కు కూడా మీకుండదు.

బ్యాంకు డిపాజిట్లు, మ్యూచువల్ ఫండ్లు, లాకరు వంటివి మాత్రం బహిరంగ రికార్డులకు ఎక్కవు. వీటి వివరాలు చాలావరకు మన చేతి మీదుగానే బయటపడతాయి. కాబట్టి జిరాక్సు ఇవ్వవలసినచోట, ఒప్పుకుంటే, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. బ్యాంకు సందేశాలు వచ్చే ఫోనును ఇంటిల్లిపాదికీ ఉమ్మడిగా వాడకండి.

వీలునామాకు చట్టమే మంచి దారి చూపింది. రిజిస్ట్రేషన్ చట్టం 42వ సెక్షన్ కింద దానిని సీలు చేసిన కవరులో జిల్లా రిజిస్ట్రార్ వద్ద భద్రపరచవచ్చు. మీ తదనంతరం దరఖాస్తు చేసినవారి సమక్షంలో దానిని తెరుస్తారు. అయితే ఆ కవరు ఉన్నదన్న సంగతి నమ్మకమైన ఒక్కరికైనా చెప్పి, ప్రతి ఖాతాకూ నామినీని నమోదు చేయించండి. పదేళ్లపాటు ఎవరూ అడగని డిపాజిట్ రిజర్వు బ్యాంకు నిధికి వెళుతుంది; ఆ తరువాత కూడా వారసులు దానిని కోరవచ్చు గాని, ఏ బ్యాంకులో ఉన్నదో తెలియని పిల్లలు వెదుక్కుంటూ తిరగవలసివస్తుంది.