పెద్ద క్లాసుల పిల్లలకు ఇంగ్లిష్ మాటలు పట్టుబడాలంటే

చెన్నై టి.నగర్‌లో మా ఇంట్లో సాయంత్రాలు తొమ్మిది, పది క్లాసుల పిల్లలకు ఇంగ్లిష్ చెబుతాను. వాళ్లు తెచ్చుకునే 'వెయ్యి పదాల' లిస్టులు ముందు పక్కన పెట్టిస్తాను. వరసగా బట్టీ పట్టినవి పరీక్ష హాలు దాకా కూడా రావు.

ఇంట్లో హిందూ పేపర్ వస్తే సంపాదకీయం ఒక్కటి చదవండి. తెలియని మాటలన్నీ వద్దు, నాలుగైదు చాలు. అర్థం ముందు మీరే ఊహించి, ఆ తర్వాతే డిక్షనరీ తీయండి. నోట్‌బుక్‌లో వాక్యం మొత్తం ఎక్కించండి. 'మిటిగేట్' (తీవ్రత తగ్గించడం) అని ఒంటరిగా రాస్తే లాభం లేదు, 'మిటిగేట్ ద రిస్క్' అని పక్క మాటతో సహా రాయాలి. ఏ మాట దేనితో పొసగుతుందో తెలియకపోతే వ్యాసంలో అది అతుకులా కనిపిస్తుంది.

లాటిన్ మూలాలు పట్టుకుంటే మాటలు గుత్తులుగా వస్తాయి. 'బెనె' అంటే మంచి: బెనిఫిట్, బెనెవలెంట్, బెనిఫాక్టర్. 'మాల్' అంటే చెడు: మాలిస్, మాలెవలెంట్. (మా పిల్లలకు మాల్ అనగానే షాపింగే గుర్తొస్తుంది, అది వేరే!)

నేర్చుకున్నది మొదట్లోనే వేగంగా జారిపోతుందని జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే చూపించాడు. అందుకే మర్నాడు, మూడో రోజు, వారానికి, నెలకి అర్థాన్ని చేత్తో మూసి గుర్తుచేసుకోండి. ఊరికే తిరగేస్తే చాలదు.

పేపర్ విసుగైతే ఎగ్మోర్‌లో 1896 నుంచీ కన్నెమరా లైబ్రరీ ఉంది. క్రికెట్ పుస్తకమైనా ఫర్వాలేదు. కానీ కొత్తగా నేర్చిన పెద్ద మాటల్ని లీవ్ లెటర్లో మాత్రం దూర్చకండి.