హనుమకొండలో చెక్క టవర్: కింద దుకాణాలు, పైన ఇళ్లు

హనుమకొండ చౌరస్తా ప్రాంతంలో కింద దుకాణాలు, నడుమ ఆఫీసులు, పైన ఇళ్లు ఉండేలా పది పన్నెండు అంతస్తుల చెక్క భవనం తలపెట్టినవారు, ముందుగా వేయిస్తంభాల గుడి నుంచి తమ స్థలం ఎంత దూరమో కొలుచుకోవాలి. కేంద్రం రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపై మరో 200 మీటర్ల వరకు ముందస్తు అనుమతి తప్పనిసరి.

నేలకు ఆనుకున్న అంతస్తును కాంక్రీటుతోనే కట్టాలి. మన నేలలో చెదల బెడద ఎక్కువ. పైగా దుకాణాలవారు గోడలు తరచూ మారుస్తారు. అమెరికాలోని మిల్వాకీలో 2022లో పూర్తయిన 25 అంతస్తుల అసెంట్ భవనంలోనూ చెక్క అంతస్తులు కాంక్రీటు పీఠం మీదే నిలిచాయి.

నిప్పు సంగతి ముందే లెక్కకు అందుతుంది. పైన్ వంటి చెట్ల మెత్తచెక్కను జిగురుతో అతికించి చేసిన దూలం నిమిషానికి సుమారు 0.7 మిల్లీమీటర్ల చొప్పున బొగ్గవుతుంది కనుక, రెండు గంటలు నిలవాలంటే మంట తగిలే ప్రతి ముఖానా 84 మిల్లీమీటర్లకు తగ్గకుండా అదనపు మందం ఇచ్చి, ఉక్కు బిగింపులను చెక్క లోపలే దాచాలి. అగ్నిమాపక అధికారులకు ఈ లెక్కను తొలి నక్షాతోనే చూపడం మేలు.

నన్ను ఎక్కువ భయపెట్టేది నీరు. ఎండాకాలపు పొడికీ వానాకాలపు తేమకూ చెక్క నారకు అడ్డంగా ముడుచుకుంటుంది, ఉబ్బుతుంది. నార పొడవునా మాత్రం దాదాపు కదలదు. అందుచేత కింది స్తంభం తల మీద అంతస్తు నేలగా వేసే చెక్క పలకను పరిచి, దానిపై పై స్తంభాన్ని నిలిపితే ఆ పలక అంతస్తు అంతస్తుకూ కొంచెం నలిగి, పైకి వెళ్లేకొద్దీ తేడా పెరిగి, పైపులూ లిఫ్టు గడపలూ వంకర పోతాయి. స్తంభం కొస మీద స్తంభం కొసే, నడుమ ఉక్కు ముక్కతో, నేరుగా ఆనాలి; పలకను పక్కన దూలం మోయాలి. స్నానాల గదులన్నీ ఒకే నిలువు వరుసలో ఉంచి, వాటి పైపులను తలుపు తీసి చూడగల గూటిలో నడపాలి. పైకప్పు పలకల వెనుక కారే నీరు మరక పడేదాకా కనబడదు, అప్పటికి చెక్క మెత్తబడి ఉంటుంది.

చెక్క తేలిక కనుక గాలికి పై అంతస్తులు ఊగవచ్చు. నార్వేలోని 85.4 మీటర్ల చెక్క భవనం మ్యోస్టోర్నెట్‌లో పై ఏడు అంతస్తులకు కాంక్రీటు నేలలు వేసింది, బరువు పెంచి ఆ ఊగుడు తగ్గించడానికే.

పనిని దసరా తరువాత మొదలుపెట్టి, తొలకరికి ముందే పైకప్పు పడేలా చెక్క పలకల రాకను కుదుర్చుకోవాలి. అప్పటిదాకా ప్రతి పలక కొసనూ మైనం పూతతో మూసి ఉంచాలి.