చిన్న పిల్లలున్న ఇంట్ల యూదుల పండుగలు, హన్మకొండల మేమెట్ల చేస్తమంటే

మా ఆయన వాళ్లు కొంకణ్ దిక్కు బెనె ఇస్రాయెల్ యూదులు, నేను హన్మకొండ బిడ్డను. పెద్దదానికి అయిదేండ్లు, చిన్నోనికి రెండు. దగ్గర్ల సినగాగ్, అంటె యూదుల గుడి, లేదు గనుక ఏ పండుగైనా ఇంట్లనే. అందుకే ఒక్కటే చెప్త, అన్నీ పెద్దగ చెయ్యాలని చూడకుండ్రి, ప్రతి పండుగల పిల్లల చేతికి ఒక పని ఇయ్యుండ్రి, మిగిలింది కొంచెం తక్కువైనా ఏం కాదు.

ముందు శుక్రవారం సంగతి. షబ్బాత్, అంటె శుక్రవారం పొద్దు మునిగితె మొదలయ్యే విశ్రాంతి దినం, వారం వారం వస్తది కదా, పిల్లలకు పండుగంటే ఏందో తెలిసేది ఇక్కడ్నే. పొద్దు మునిగే టైముకు 18 నిమిషాల ముందు దీపాలు పెడతరు, మన దగ్గర డిసెంబర్ల అయిదుంబావు దాటంగనే ఆ టైమైతది, జూన్లయితె ఆరున్నర దాక ఆగొచ్చు, మునిగినంక అగ్గిపుల్ల గీసేది లేదు గనుక వంటంత ముందే అయిపోవాలె. షబ్బాత్‌కు జడలెక్క అల్లి కాల్చే చల్లా రొట్టెకు అర కిలో మైదా, రెండు గుడ్లు, పావు కప్పు నూనె, మూడు చెంచాల చక్కెర, ఒక చెంచా ఉప్పు, రెండు టీస్పూన్ల ఈస్ట్, పిండి పట్టినన్ని గోరువెచ్చని నీళ్లు. మన ఎండలకు పిండి తొందరగనే పొంగుతది, మరిచిపోయి వేరే పని పెట్టుకోవద్దు. మూడు పాయలు చేసి ఇస్తె మా పెద్దది బొమ్మకు జడేసినట్టు అల్లుతది, చిన్నోనికి ఒక ముద్ద ఇస్త, వాడెట్ల పిసికితె అట్లనే కాలుస్త, వాని రొట్టె వానికే. మీద గుడ్డు సొన రాసి నువ్వులు చల్లి 180 డిగ్రీల మీద అరగంట. కోషర్, అంటె యూదుల నియమం ప్రకారం కోసిన, మాంసం మాకు ఇక్కడ దొరుకలే, అందుకే చేపలే, పొలుసూ ఈతరెక్కలూ ఉన్న రవ్వ, బొచ్చె, కొర్రమట్ట అయితె సరే, రొయ్యలు వద్దు. వైన్ బదులు మా అత్తమ్మ వాళ్ల పాత పద్ధతి ఉన్నది, గురువారం రాత్రి నల్ల కిస్మిస్ నానవెట్టి పొద్దున పిసికి రసం వడగట్టుడు, పిసికే పని పిల్లలదే.

దీపాలు పెట్టినంక తల మీద చెయ్యి పెట్టి దీవిస్తరు, ఆడపిల్లకు శారా, రిబ్కా, రాహేలు, లేయా లెక్క, మగపిల్లగానికి ఎఫ్రాయిము, మనష్షే లెక్క ఉండాలని. ఎంత అలిసిపోయినా ఇది మాత్రం ఇడువకుండ్రి. అన్నం తిననని ఏడ్చిన రోజు సుత మావోడు ఈ టైముకు తల వంచి నిలవడతడు.

ఇగ తేదీలు. యూదులదీ చంద్రుని లెక్కనే, అధిక మాసం వాళ్లకూ ఉన్నది, 19 ఏండ్లల్ల 7 సార్లు. 2025ల సెప్టెంబర్ 21న ఎంగిలిపూల బతుకమ్మ, తెల్లారి సాయంత్రమే యూదుల కొత్త సంవత్సరం, రోష్ హషానా. 2026ల నెల తేడా, రోష్ హషానా సెప్టెంబర్ 11 సాయంత్రం, బతుకమ్మ అక్టోబర్ల, మనకు రెండిట్లకూ ఊపిరి తీసుకునే టైము దొరుకుతది. మొదటి రాత్రి ఆపిల్ తేనెల ముంచి తినుడు, రెండో రాత్రి ఆ యేడు ఇంకా తినని పండు పెట్టాలె, మాకు సీతాఫలం, అందుకే అప్పటిదాక ఇంట్లకు తేవద్దు, పిల్లలు రోజూ అడుగుతరు, అడగనీయుండ్రి. తప్పులకు మాఫీ అడిగే రోజు యోమ్ కిప్పూర్, ఆ ఉపవాసం చిన్న పిల్లలకు లేదు, ఆడపిల్లలకు 12, మగపిల్లలకు 13 నిండినంకనే.

సుక్కోత్ అంటె పందిట్ల కూసోని తినే పండుగ, ఆ పందిరి డాబా మీద వెయ్యుండ్రి, పైన స్లాబ్ గానీ చెట్టు కొమ్మ గానీ ఉంటె చెల్లదు. నాలుగు గుంజలు గట్టిగ నిలవెట్టి, లేకుంటె పిట్టగోడకు కట్టి, చుట్టూ పాత దుప్పట్లు గాలికి ఊగకుండ బిగించి, పైన తాటికొమ్మలు పరుచుడు. ఎండ కంటె నీడ ఎక్కువుండాలె కానీ రాత్రి చుక్కలు కనవడాలె. బంతిపూలు గుచ్చి వేలాడదీసే పని పిల్లలది. వాన పడితె కిందికొచ్చి తినొచ్చు, తప్పేం లేదు.

ఎనిమిది రాత్రుల దీపాల పండుగ హనుక్కాకు దీపావళి ప్రమిదలు దాచిపెట్టుకోండి. ఎనిమిది ఒకే వరుసల, వాటిని ముట్టించే తొమ్మిదో దీపం కొంచెం ఎత్తు మీద. రాత్రికొకటి పెంచుకుంట పోవాలె, కుడి నుంచి పేర్చుకుంట వచ్చి కొత్తదాన్ని ముందు వెలిగించాలె. 2026ల మొదటి దీపం డిసెంబర్ 4 శుక్రవారం పడ్డది, ఆ రోజు షబ్బాత్ దీపాల కంటె ముందే ఇది పెట్టాలె, చీకటి పడ్డంక అరగంట దాక ఉండేటట్టు నూనె ఎక్కువ పొయ్యుండ్రి.

పొంగిన రొట్టె ముట్టని పండుగ పెసాక్‌కు ముందు రాత్రి దీపం పట్టుకొని ఇల్లంత రొట్టె ముక్కలు వెతుకుతరు, పది ముక్కలు కాగితంల చుట్టి మీరే దాచిపెట్టి ఎక్కడ పెట్టిన్రో రాసుకోండి. సెడెర్ రాత్రి, అంటె పండుగ మొదలయ్యే రాత్రి భోజనం కాడ, ఇంట్ల అందరి కంటె చిన్నోళ్లే ఈ రాత్రి ఎందుకు వేరని నాలుగు ప్రశ్నలు అడగాలె, భోజనం లేటైతది గనుక మధ్యాహ్నం పండవెట్టుండ్రి. ఎనిమిది రోజులు, పొంగనీయకుండ కాల్చిన మట్జా తప్ప వేరే గోధుమల రొట్టె లేదు, కొన్ని ఇండ్లల్ల బియ్యం, పప్పులు సుత ముట్టరు, మా ఇంట్ల తింటరు, అందుకే సర్వపిండి చేస్త. ఆ బియ్యం మూడు సార్లు ఏరాలె, చాటల పోసి పిల్లలను కూసోవెట్టుండ్రి, గోధుమ గింజ దొరికిందంటె వాళ్ల సంబురం చూడాలె. పిండికి మాత్రం గిర్నికి పోవద్దు, అక్కడ గోధుమలు పట్టిన దాంట్లనే ఇదీ పడతరు, ఇంట్ల మిక్సీల పట్టుకోండి.