జలుబు మందు అట్ట వెనక్కి తిప్పి చదవండి

ఎదురింటి అబ్బాయి వచ్చే వారం మాంచెస్టర్ వెళ్తున్నాడు. సెలవుకు అమలాపురం వచ్చిన నేను అరుగు మీద నుంచి చూస్తుండగానే, వాళ్ల అమ్మగారు ఆవకాయ సీసా పక్కన డోలో 650 అట్టలు పేర్చారు. అవి జ్వరానికి, నొప్పులకు వేసుకునే పారాసిటమాల్ మాత్రలు, ఒక్కోదానిలో 650 మిల్లీగ్రాములు. గుండె గుబేలుమంది.

పోయిన చలికాలం మాంచెస్టర్‌లో నా గదిలో దిగిన పాలకొల్లు తమ్ముడికి మూడో వారంలోనే జలుబు పట్టింది. మొదట గొంతులో గరగర, మర్నాటికి తుమ్ములు, ముక్కు దిబ్బడ. ఇంటి నుంచి తెచ్చిన 650 మాత్రలు రోజుకు నాలుగు మింగాడు. అవి చాలవని, దుకాణంలో నిమ్మ వాసన వేసే జలుబు పొడి కొని వేడినీళ్లలో నాలుగు సార్లు తాగాడు. చెత్తబుట్టలోంచి ఖాళీ పొట్లం తీసి చదివాను. ఒక్కొక్క దానిలో 1000 మిల్లీగ్రాముల పారాసిటమాల్! లెక్క వేయండి: 2600కు 4000 కలిపితే 6600. పెద్దవాళ్లకు రోజుకు 4000 దాటకూడదు. దాటితే కాలేయం దెబ్బతినవచ్చు, మొదటి రోజు ఏ బాధా తెలియకపోవచ్చు కూడా. అందుకే బాగానే ఉన్నానంటున్నా వినకుండా ఆ రాత్రే ఆసుపత్రికి లాక్కెళ్లాను. రక్తపరీక్షలు చేసి, తెల్లవారాక పంపించారు.

ఇంజనీరింగు చదివిన పిల్లలు అట్ట వెనక రెండు వరుసలు చదవలేరా? రంగు వేరు, పేరు వేరు, లోపలున్నది ఒకటే మందు. దగ్గు, ఒళ్లునొప్పులు, జలుబు అంటూ ఏది కొన్నా ముందు అందులో పారాసిటమాల్ ఉందేమో చూడండి. పొరపాటున ఎక్కువ వేసుకుంటే బాధ మొదలయ్యేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

అక్కడ నా మొదటి నవంబరులో జలుబు చేసి వెళ్తే డాక్టరు సూది వేయలేదు, యాంటీబయాటిక్ రాయలేదు. పట్టించుకోలేదని ఏడుపు వచ్చింది. గదికి వచ్చి, ఇంటి నుంచి తెచ్చుకున్న యాంటీబయాటిక్ మింగాను. జలుబు తగ్గలేదు సరికదా, మూడు రోజులు విరేచనాలు. జలుబు వైరస్ వల్ల వస్తుంది, దాని మీద ఆ మందు పనిచేయదు. చీమిడి పచ్చబడినా అంతే.

ఒక్కసారిగా పెద్ద జ్వరం వచ్చి ఒళ్లు విరిచేస్తుంటే ఫ్లూ కావచ్చు. జ్వరం మూడు రోజులు దాటినా, ఉబ్బసం ఉన్నా అక్కడి వైద్య సలహా నంబరు 111కు ఫోను చేసి అడగండి. ఊపిరి అందకపోతే అత్యవసర నంబరు 999.

సరే, భయపెట్టింది చాలు. రెండు మూడు రోజులు ఉక్కిరిబిక్కిరి చేసినా, జలుబు వారం పది రోజుల్లో దానంతట అదే పోతుంది. దగ్గు మాత్రం మరో వారం ఉండవచ్చు. ఉప్పునీళ్లు పుక్కిలించండి, మిరియాల చారు వేడిగా తాగి పడుకోండి. ఎదురింటి అమ్మగారికి ఇదే చెప్పాను. రెండు అట్టలు ఉంచి, మిగిలినవి తీసి అక్కడ చారుపొడి పెట్టారు.